ఖాళీ గుండ్రంలో చుక్కలు

సోమవారం, మొదటి షిఫ్టు

పొద్దున్నుంచి ముగ్గురు నన్ను తొందరపెట్టారు. ముగ్గురికీ ఒకటే జవాబు చెప్పాను. బ్యాక్టీరియా పెరగడానికి దాని టైము దానికి పడుతుంది, నా మీద అరిచినంత మాత్రాన అది గబగబా పెరగదు.

నా పేరు కౌసల్య. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఈ బొగ్గుబాయి మొత్తంలో ఎవరూ లేరు. పిల్లల దగ్గర్నుంచి పెద్దల దాకా అందరికీ నేను పురుగుల మేడాన్ని. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు ఎవరైనా కౌసల్యా అంటే నేనే వెనక్కి తిరిగి చూడనేమో.

పొద్దున్న ల్యాబుకు వచ్చీ రాగానే, బ్యాక్టీరియాను పెంచే జెల్లీ అగర్ కాచాను. పైనుంచి కొత్త అగర్ వచ్చి చాలా కాలమైంది. ఎండ తగ్గి లారీలు తిరగడం మొదలయ్యేది వానలు పడ్డాకే. అందుకే వాడిన ప్లేట్లలోదే మరిగించి, వడకట్టి, మళ్ళీ పోస్తున్నాను. పైన ఎండకు తాళలేక బొగ్గు తవ్వుకున్న సొరంగంలో కాపురం పెట్టిన ఊరికి ఇంతకన్నా శుభ్రమైన అగర్ ఎవరు కాచి చూపిస్తారో చూపించమనండి.

ఇక ఈ రోజు గొడవ ఓదెలుది. బాయిలో మనుషులను మోసే ఇనుప లిఫ్టు, కేజీ, దాన్ని పైకీ కిందికీ నడిపే ఇంజను డ్రైవరు అతను. తెల్లవారుజామున కాస్త చల్లగా ఉన్నప్పుడు మేం పైకి వెళ్ళి ఆకాశం చూసి వస్తున్నామంటే అది అతని చేతి చలవే. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షను రక్తంలోకి ఎక్కింది. గోలీలు వేసుకుంటున్నా జ్వరం దిగడం లేదు. నిన్న అతని రక్తం నా దగ్గరికి వచ్చింది.

నా దగ్గరికి రాకముందే పెట్టె దగ్గరికి వెళ్ళింది. మాకు సరుకులు పంపే పైవాళ్ళు దానికి నాడి అని పేరు పెట్టి పంపారు, మేం పెట్టె అంటాం. చుక్క రక్తం పోస్తే టీ తాగేలోపు బ్యాక్టీరియా జన్యువులన్నీ చదివేసి, ఏ మందుకు లొంగుతుందో తియ్యటి గొంతుతో చెబుతుంది. ఓదెలు రక్తం చదివి కూడా చెప్పింది. మామూలు గోలీలు పనిచేస్తాయట. మిగతావేవీ పనిచేయనప్పుడు వాడే ఆఖరు మందు కూడా పనిచేస్తుందట.

డాక్టర్ జునైద్ పరుగున వచ్చాడు. మంచి కుర్రాడు. బాయికంతటికీ ఒక్కడే డాక్టరు, నిద్ర సరిగ్గా లేక కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

"మేడం, మీ తాళంచెవి తెండ్రి. ఆఖరు మందు తీద్దాం."

ఆఖరు మందు మా దగ్గర ఒక్క మనిషికి సరిపడా ఉంది. దాని అల్మారాకు రెండు తాళాలు. ఒక చెవి డాక్టరు దగ్గర, ఒకటి నా దగ్గర. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప అది తెరుచుకోకూడదని మా పెద్దలు పెట్టిన కట్టుబాటు.

"మామూలు గోలీలు పనిచేస్తయని గూడ నీ పెట్టె చెప్పింది గద. చేసినయా?" అన్నాను.

"చెయ్యలే."

"మరి రెండో మాట ఎట్ల నమ్మాలె? నా ప్లేటు రేపు పొద్దున చెప్తది."

"ఆలస్యం అమృతం విషం అంటరు మేడం."

"ఆత్రగానికి బుద్ధి మట్టు అని గూడ అంటరు."

ఓదెలు దగ్గరికి వెళ్ళిపోయాడు. టీ కూడా తాగలేదు.

మంగళవారం, మొదటి షిఫ్టు

ప్లేటు తీశాను.

నేను చేసే పనిలో మంత్రతంత్రాలేమీ లేవు. రోగి రక్తంలోని బ్యాక్టీరియాను అగర్ మీద సమంగా పూస్తాను. దాని మీద మందు అద్దిన చిన్న చిన్న కాగితపు డిస్కులు పెట్టి, ఇంక్యుబేటర్లో వెచ్చగా ఉంచుతాను. తెల్లారేసరికి ప్లేటంతా పొరలా పెరుగుతుంది. మందు పనిచేస్తే ఆ డిస్కు చుట్టూ మాత్రం ఏమీ పెరగక ఖాళీ గుండ్రం మిగులుతుంది. పనిచేయకపోతే డిస్కు దాకా పాకుతుంది. బ్యాక్టీరియా నోటితోనే నిజం చెప్పించడం ఇది. పెట్టె మాత్రం దాని జాతకం చదువుతుంది. పైవాళ్ళు నేర్పని రాత అందులో ఉంటే దానికి కనబడదు.

మామూలు గోలీల డిస్కు చుట్టూ గుండ్రమే లేదు. అది అనుకున్నదే. ఆఖరు మందు చుట్టూ మాత్రం పెద్ద గుండ్రం, చక్కగా గీసినట్టు ఉంది. ఒక్క క్షణం నా ప్రాణం కుదుటపడింది, తాళంచెవి కోసం కొంగుముడి మీద చెయ్యి కూడా వేశాను.

అలవాటుకొద్దీ భూతద్దం పెట్టి చూశాను. ఖాళీ గుండ్రం లోపల చుక్కలున్నాయి. ఆవగింజలో సగం కూడా లేవు. విడివిడిగా, ధీమాగా కూర్చుని ఉన్నాయి.

జునైద్‌ను పిలిచి చూపించాను. అతను చాలాసేపు చూశాడు.

"బయటి నుంచి ఏమన్న పడ్డదేమో మేడం. చెయ్యి తగిలిందేమో."

"నా ప్లేట్ల చెత్త పడుడా! ఇంకోసారి ఆ మాట అంటే నీకు టీ బంద్."

"మరి ఏందివి?"

"గుంపుల శానమంది సచ్చినా కొందరు సావలే అన్నట్టు. ఆఖరు మందు ఇస్తే ఓదెలుకు రెండు రోజులు జ్వరం దిగుతది, మనం సంబరపడ్తం. ఆ తర్వాత ఈ మిగిలినవే మల్ల పెరుగుతయి. అప్పటికి అల్మారా ఖాళీ."

"మేడం, ఆయనకు బీపీ పడిపోతున్నది. గిది తప్పయితే?"

"తప్పయితే ఆ పాపం నాది. రేపు పొద్దుగాల దాక ఆయన పానం నిలబెట్టు. నీకు చేతనైతది."

ఆ చుక్కల్నే సూదితో ఏరి, కొత్త ప్లేటు మీద పూసి, మధ్యలో ఆఖరు మందు డిస్కు పెట్టాను. అవి నిజంగా మొండివైతే రేపు డిస్కు దాకా పెరగాలి. అవే చుక్కల్ని పెట్టెకు కూడా ఇచ్చాను. అదే తియ్యటి గొంతుతో, పనిచేస్తుంది అంది. దాన్ని పగలగొట్టాలనిపించింది.

ల్యాబు తలుపు తీసేసరికి ఎదురుగా ఓదెలు తల్లి రాజవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడో గ్యాలరీలో అంబలి కుండ చూసుకునేది ఆమే. సొరంగంలో మా వీధులే గ్యాలరీలు, ప్రతిదానికీ ఒక పెద్ద కుండ ఉంటుంది. షిఫ్టు దిగినవాళ్ళంతా అందులోంచే ముంచుకు తాగుతారు. కుండ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. అడుగున మిగిలిన పులుపే మరునాటి అంబలికి తల్లి. రాజవ్వ కుండ ఆమె అత్త కాలం నుంచి ఎండలేదని చెప్పుకుంటారు.

"బిడ్డా, తాళంచెవి నీ దగ్గర్నే ఉన్నదట గద."

"ఉన్నదవ్వా."

"ఇయ్యి బిడ్డా. నీ కాల్మొక్త." నిజంగానే కాళ్ళ మీదికి వంగింది.

ఆమెను పట్టుకుని లేపాను. "ఆ మందు ఇప్పుడిస్తే నీ కొడుకు దక్కడని నాకు అనుమానం ఉన్నదవ్వా. రేపు పొద్దుగాలకు తెలుస్తది."

"రేపటి దాక ఉంటడా?"

ఆమెను మళ్ళీ గోడ దగ్గర కూర్చోబెట్టాను. ఉంటాడని అంటే అబద్ధమాడినదాన్ని అవుతాను. నాకు భయం వేసింది. నా ప్లేటు మీద భయం కాదు. ప్లేటు కరెక్టై, మనిషి ఆగకపోతే ఏమిటన్న భయం.

బుధవారం, మొదటి షిఫ్టు

ఓదెలు ఉన్నాడు. జునైద్ రాత్రంతా అతని పక్కనే ఉన్నాడట.

ప్లేటు ఇద్దరం కలిసే తీశాం. డిస్కు అంచు దాకా దట్టంగా పెరిగింది. గుండ్రం లేదు, ఖాళీ లేదు. నేను చెప్పింది నిజమైనందుకు సంతోషించాల్సింది. సంతోషం రాలేదు. చేతిలో ఉన్న ఒక్క మందూ పోయింది.

జునైద్ స్టూలు మీద కూలబడ్డాడు. "నిన్న మీరు తాళంచెవి ఇస్తే ఆ మందు గూడ దండగయ్యేది..."

"ఇయ్యలే గద. ఇప్పుడు అది కాదు సోచాయించుడు. ఆఖరు మందు మన బాయిల ఎవ్వరికీ ఎన్నడూ ఇయ్యలే. చూడని మందును ఈ పురుగు ఎక్కడ నేర్చుకున్నది?"

అదే నన్ను పొద్దున్నుంచీ తొలుస్తోంది. ఆఖరు మందూ, మామూలు గోలీలూ ఒకే వంశం. గోలీలను చాలా రోజులు కొద్దికొద్దిగా రుచి చూసిన బ్యాక్టీరియా వాటి పెద్దన్నను కూడా తట్టుకోవడం నేర్చుకోగలదు. కానీ కొద్దికొద్దిగా ఎవరు ఇచ్చారు? జునైద్ ఎప్పుడూ పూర్తి కోర్సే ఇస్తాడు. ఆ విషయంలో అతని మీద వేలెత్తి చూపడానికి లేదు.

సూటిగా రాజవ్వ దగ్గరికే వెళ్ళాను. కొడుకు మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తోంది.

"అవ్వా, ఓదెలు గోలీలు అన్ని ఏసుకున్నడా?"

"ఏసుకున్నడు బిడ్డా. ఒక్కటి గూడ పారెయ్యలే."

"నీ ముందర్నే?"

"నేనే సగం చేసి ఇచ్చిన గద."

"సగమా? మిగిలిన సగం?"

నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది. "కుండ వాటా, ఇంకేంది?"

కుండ వాటా నాకు తెలుసు. బాయిలోకి దిగే ప్రతిదానిలో ముందు వాటా కుండది. పిండి వస్తే పిడికెడు, ఉప్పు వస్తే చిటికెడు, బెల్లం దొరికితే ముక్క. మొదట్లో తిండి చాలక జనం ఒకరి మీద ఒకరు పడకుండా మమ్మల్ని కాపాడింది ఆ పద్ధతే. నా మూడో గ్యాలరీలో నేనూ పిండి వేస్తాను. కానీ గోలీలు వేస్తారని నాకు కలలో కూడా తోచలేదు.

"ఎన్నొద్దుల సంది ఏస్తున్నరు?"

"గా పోయిన ఎండకాలం జరాలొచ్చినయి గద, అప్పటి సంది. నా కొడుక్కు ఒక్కనికే మందు పెట్టుకుంట, పక్కింటోల్ల పిల్లలు మూలుగుతుంటె ఎట్ల చూస్త? కుండల ఏస్తె అందరికి అందుతది. మా గ్యాలరీల అందరం గట్లనే ఏస్తం. ఏం, తప్పా?"

ఎవరూ దాచలేదు. అంబలిలో ఉప్పు వేస్తున్నామని ఎవరూ డాక్టరుకు చెప్పరు కదా, ఇదీ అంతే. రోగికి సగం మందు. మిగతా సగం కుండకు. కుండలోంచి గ్యాలరీ అందరికీ రోజుకింత నలుసు. మందును బ్యాక్టీరియాకు ఉగ్గుపాలతో పోసి పెంచారు, అదీ ఒకరి మీద ఒకరికున్న ప్రేమతో.

కుండను ఇక ఎవరూ ముట్టుకోవద్దని మాత్రం చెప్పాను. గరిటెడు అంబలి గిన్నెలో పోయించుకుని ల్యాబుకు వచ్చేశాను.

దారిలో ఇంకో ఆలోచన వచ్చింది. నా డ్రాయర్లో పాత డిస్కుల డబ్బా ఉంది. బ్యాక్టీరియా చేతిలో ఏనాడో ఓడిపోయి, వాడడం మానేసిన మందులు. వాటిని పారెయ్యమని పైనుంచి ఎన్నోసార్లు చెప్పారు. నేను పారెయ్యలేదు. పైవాళ్ళ మాట నేను విన్నదెప్పుడని?

ఒక ప్లేటు మీద కుండలోది, ఇంకో రెండింటి మీద ఓదెలు రక్తంలోని మొండిది పూశాను. పాత డిస్కులన్నీ వరసగా పెట్టాను. జునైద్ పక్కన నిలబడి డిస్కులు అందించాడు. ఈసారి తొందరపెట్టలేదు.

గురువారం, మొదటి షిఫ్టు

కుండలో ఉన్నదీ, ఓదెలు రక్తంలో ఉన్నదీ ఒకటే. పెరిగే తీరు ఒకటే, మొండితనం ఒకటే.

రక్తం ప్లేట్ల మీద పాత మందుల్లో చాలా వరకు దండగ. ఒక్కదాని చుట్టూ మాత్రం రూపాయి బిళ్ళకన్నా పెద్ద గుండ్రం ఉంది. భూతద్దం పెట్టి వెతికాను. దీపం దగ్గర పట్టుకుని, ప్లేటు తిప్పితిప్పి వెతికాను. జునైద్ వెతికాడు. ఒక్క చుక్క లేదు.

నేను గట్టిగా అరిచాను. బయట వరసలో నిలబడ్డవాళ్ళు లోపలికి తొంగిచూశారు.

"గిదెట్ల మేడం? గీ మందుకు లొంగక గద దీన్ని బంద్ పెట్టిండ్రు?" అన్నాడు జునైద్.

"ఈ పురుగు కొత్త మందును ఆపుదామని తన గోడ మార్చుకున్నది. ముందు తలుపుకు గడియ పెట్టుకునే తొందరల వెనక తలుపు తీసిపెట్టింది. పాత మందు అందులకెల్లి పోతున్నది."

"మరి ఈ మందు ఇప్పుడు యాడ దొరుకుతది?"

"మేకల కొట్టంల."

పాల కోసం పై గ్యాలరీలో మేకలున్నాయి. వాటి జబ్బులకు ఈ పొడే వాడతారు, డబ్బాల నిండా ఉంది.

"మేకల మందు మనిషికి ఎట్ల ఇస్తం మేడం!"

"ముందు అది మనుషులదే జునైదూ. మనకు పనిచేస్తలేదని మేకలకిచ్చినం. ఇప్పుడు వాపసు అడుగుతున్నం, గంతే. ఎంత ఇయ్యాల్నో నువ్వు లెక్క కట్టు, పొడిల వేరే కల్తీ లేకుండ నేను చూస్త."

అన్నంతపనీ చేశాను. డబ్బా తెప్పించి, పొడిని నీళ్ళలో కలిపి వడకట్టి, వేడిచేసి, దానితోనే తాజాగా డిస్కు తయారుచేసి ఇంకో ప్లేటు మీద పెట్టాను. కానీ ఆ ప్లేటు కోసం ఆగమని మాత్రం అనలేదు. ఇప్పుడు ఆగితే నేను మూర్ఖురాలిని. మధ్యాహ్నం మొదటి డోసు పడింది. రాజవ్వ చూస్తూ తడిగుడ్డ వేస్తూనే ఉంది.

శనివారం, రెండో షిఫ్టు

నిన్న ఏమీ రాయలేదు. రాయడానికి ఏమీ లేదు, జ్వరం అలాగే ఉంది. తాజా డిస్కు ప్లేటు మాత్రం తీశాను. గుండ్రం చక్కగా ఉంది. అది చూసుకుంటూ రోజంతా గడిపాను.

ఈ రోజు మధ్యాహ్నం జునైద్ తలుపు దగ్గర నిలబడి నవ్వాడు. అతను నవ్వితే ఇలా ఉంటాడని నాకు తెలియదు. "జరం దిగింది మేడం. బీపీ నిలబడ్డది. ఆకలైతుందంటున్నడు."

"రక్తం తీసుకరా," అన్నాను.

"ఎందుకు?"

"నీ నవ్వు నమ్మి రిపోర్టు రాస్తనా?"

కొత్త రక్తం ఇంక్యుబేటర్లో పెట్టాను. అతను వెళ్ళాక తలుపు వేసుకుని కాసేపు ఏడ్చాను. పురుగుల మేడం ఏడుస్తుందని ఎవరికీ తెలియనక్కరలేదు.

సోమవారం, రెండో షిఫ్టు

ఓదెలు రక్తం ప్లేటు మీద ఏమీ పెరగలేదు. రెండు రోజులు ఉంచినా పెరగలేదు. శుభ్రంగా ఉంది.

ఇంకో పని మిగిలింది. దాన్ని ఎవరి మీదికీ తోయలేను.

షిఫ్టు దిగే వేళకు ఏడో గ్యాలరీకి వెళ్ళాను. అందరూ కుండ చుట్టూ గుమిగూడి ఉన్నారు. ఆ కుండను ఎవరూ ముట్టుకోవద్దని బుధవారమే చెప్పి పెట్టాను, ఎందుకో చెప్పలేదు. ఓదెలును ఇంటికి తెచ్చారు. గడప దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు, బాగా చిక్కిపోయాడు.

నాకు మెత్తగా మాట్లాడడం రాదు. ఉన్నదున్నట్టు చెప్పాను. సగం గోలీ రోగిని బాగుచేయదని, కుండలో పడ్డ సగం ఎవరినీ కాపాడదని, రెండూ కలిసి మందుకు చావని పురుగును పెంచాయని, అది ఈ కుండలోనే ఉందని చెప్పాను.

రాజవ్వ నా ముందుకు వచ్చింది.

"అంటే నా కొడుకును నేనే సంపుకుంటుంటినా?"

అవ్వా, అలా కాదు అందామనుకున్నాను. కాదంటే రేపు ఇంకెవరో మళ్ళీ సగం చేస్తారు.

"అవునవ్వా," అన్నాను.

ఆమె ముఖం చూడలేకపోయాను. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. అప్పుడు వెనక నుంచి ఎదురింటి నర్సవ్వ గొంతు వినబడింది.

"మా ఇంట్లకెల్లి గూడ పడ్డయి. నా మనవడికి ఇచ్చినయి సగం నేనే ఏసిన."

"నేను గూడ ఏసిన," అన్నాడు పోశం. చెయ్యి తెగినప్పుడు ఇచ్చిన గోలీలట.

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. మేమూ ఏసినం. మా అక్క ఏసింది. నేను ఏసుడే కాదు, నీకు గూడ చెప్పిన గద రాజవ్వా, మర్చిపోయినవా. ఎవరినీ ఎవరూ అడగలేదు. వాటా పంచుకోవడం వాళ్ళకు అలవాటైన పని. ఆ తప్పును కూడా గ్యాలరీ మొత్తం తలా ఇంత తీసుకుంది. నేను అగర్ గురించి, డిస్కుల గురించి ఇంకా ఏదేదో చెప్పాలని వచ్చాను, అదంతా మరిచిపోయాను.

రాజవ్వ కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు ఏం చెయ్యాలె బిడ్డా?"

"దీన్ని మరగబెట్టాలె. ఒక్క చుక్క గూడ నేల మీద, నీళ్ళల్ల పడొద్దు. ఆనక కుండ నిప్పుల పడాలె. పులుపు దాచుకోవద్దు, ఒక్క గరిటె గూడ. కొత్తది పిండి, నీళ్ళతోని మొదటి సంది మొదలుపెట్టాలె."

"మా అత్త కాలం నాటి పులుపు," అంది మెల్లగా. కుండ మూత తానే తీసింది.

పక్కన డ్రమ్ములో నీళ్ళు మరుగుతున్నాయి. పోశం కుండను ఎత్తి అందులో వంపబోతే రాజవ్వ అడ్డుపడింది. "ఒక్కనివే ఎత్తకు. అందరు ఏసిన కుండ. అందరు చెయ్యి పెట్టుండ్రి."

పెట్టారు. ముసలివాళ్ళు, షిఫ్టు బట్టలు మార్చుకోనివాళ్ళు, చంకలో పిల్లలున్న ఆడవాళ్ళు, చోటు దొరకనివాళ్ళు ముందువాళ్ళ భుజాల మీద. జునైద్ ఎప్పుడు వచ్చాడో, అతని చేతులూ ఉన్నాయి. ఓదెలు గోడ పట్టుకుని లేవబోయాడు.

"నువ్వు కూసో!" అని కుండ దగ్గర్నుంచే అరిచింది రాజవ్వ.

నేనూ చెయ్యి పెట్టాను. ఆ కుండ నిండా ఉంటే నలుగురు మగవాళ్ళు కష్టపడి జరుపుతారని విన్నాను. నా చేతికి మాత్రం అసలు బరువే తెలియలేదు.